వానచినుకులో స్వదేశం

దేశానికి దూరమైన అరబ్బీ కవులు తమ దుఃఖాన్ని పేరుపెట్టి చెప్పలేదు. ఒక వానను, ఒక కప్పు కాఫీని, ఒక జాజిపువ్వును చూపి ఊరుకున్నారు. ఆ చిన్న వస్తువులు ఇంత పెద్ద బాధను మోయగలగడం వెనుక ఒక పురాతనమైన కావ్యరహస్యం ఉంది.

అరబ్బీ భాషలో పుట్టిననేల మీది బెంగకు ‘హనీన్’ అని పేరు. ఆ మాట మొదట మనుషులది కాదు. పిల్లకు దూరమైన ఆడ ఒంటె గొంతులోనుండి వెలువడే మూలుగును ఎడారివాసులు ఆ పేరుతో పిలిచేవారు. ఆ ధ్వనిని వినివిని, తమ గుండెలోని బాధకు కూడా అదే మాట సరిపోతుందని వారికి తోచింది. ఒక భావానికి పేరు కావలసివచ్చినప్పుడు ఆ భాష ఒక ప్రాణిని చూపింది, దాని కంఠస్వరాన్ని వినిపించింది. ఇరవయ్యవ శతాబ్దపు అరబ్బీ కవులు స్వదేశాన్ని గూర్చి వ్రాసిన కవితలలో మనకు కనిపించేది కూడా ఈ పద్ధతే.

స్వదేశానికి అరబ్బీమాట ‘వతన్’. ఉర్దూ మూలంగా ఈ మాట మన చెవులకు పరిచితమే. నిజాం కాలంలో తెలంగాణ పల్లెలలో వంశపారంపర్యంగా గ్రామోద్యోగం చేసేవారిని వతన్‌దారులనడం పెద్దలు ఎరుగుదురు. అరబ్బీలో వతన్ అంటే మొదట మనిషి నివసించే చోటు, అతని ఇల్లూ వాకిలీ అని మాత్రమే అర్థం. జెండా, సరిహద్దు, ప్రభుత్వం గల దేశమనే అర్థం 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. క్రొత్త అర్థంలో దేశాన్ని పోగొట్టుకున్న కవి, దానిని పాత అర్థంలో వెదుక్కుంటాడు. అతడు దేశమని చెప్పదలచుకున్న చోటనల్లా ఒక ఇల్లో, ఒక బావో, ఒక చెట్టో ప్రత్యక్షమవుతుంది.

పద్యమే ఒక గుడారం

అరబ్బీలో పద్యానికీ ఇంటికీ పేరు ఒక్కటే. ‘బైత్’ అంటే ఇల్లు, లేదా గుడారం; ‘బైత్’ అంటే పద్యపాదం కూడా. ఆ పాదం రెండు సగాలుగా విడిపోతుంది. ఒక్కొక్క సగానికి ‘మిస్రా’ అని పేరు. రెండు రెక్కల తలుపులో ఒక రెక్కను కూడా మిస్రా అనే అంటారు. ఎనిమిదవ శతాబ్దంలో బస్రా నగరంలో నివసించిన అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబ్బీ ఛందశ్శాస్త్రాన్ని క్రోడీకరించాడు. గణాలలోని చిన్న భాగాలకు అతడు పెట్టిన పేర్లు రెండు: ఒకటి త్రాడు, రెండవది మేకు. గుడారం నిలబడడానికి కావలసినవి ఈ రెండే కదా!

ఇస్లాముకు పూర్వపు మహాకావ్యాలు తరచుగా ఒక ఖాళీస్థలంలో మొదలవుతాయి. నాయిక కుటుంబం గుడారాలు పీకి వెళ్లిపోయింది. కవి ఆ చోటికి వచ్చి నిలబడతాడు. పొయ్యిరాళ్లు, నల్లబడిన బూడిద, గాలికి చెరిగిపోతున్న గుర్తులు అతనికి కనిపిస్తాయి. ఆరవ శతాబ్దపు ఇమ్రుల్ ఖైస్ కావ్యం ఇట్లాగే ఆరంభమవుతుంది. ప్రియురాలు పోయిందన్న దుఃఖాన్ని ఆమె వంట చేసిన పొయ్యి చెప్పాలి. తరువాతి పదిహేను వందల ఏళ్లలో అరబ్బీ పాఠకునికి ఈ దృశ్యం రక్తంలో కలిసిపోయింది. కనుక 1948 తరువాత ఒక పాలస్తీనా కవి కూలిన గోడను వర్ణిస్తే, ఆ పాఠకునికి ఆ గోడ వెనుక ఇమ్రుల్ ఖైస్ పొయ్యిరాళ్లు కూడా కనిపిస్తాయి. క్రొత్త గాయం పాత మాటలలో పలుకుతుంది.

మన ఆలంకారికులకు ఈ మర్మం తెలియనిది కాదు. శోకమని పేరు చెప్పినంత మాత్రాన శోకం కలగదని, విభావాదుల ద్వారా రసం ధ్వనించవలసిందేనని తొమ్మిదవ శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు వాదించాడు. ఆంగ్లంలో టి. ఎస్. ఎలియట్ 1919లో హామ్లెట్ నాటకాన్ని విమర్శిస్తూ దాదాపు ఇదే మాట అన్నాడు: ఒక భావాన్ని కళలో పలికించాలంటే దానికి సరితూగే వస్తువులను, సన్నివేశాన్ని, ఘటనలను కూర్చాలి. బాగ్దాదులో చదువుకుంటున్న ఒక తరం అరబ్బీ యువకవులు ఎలియట్‌ను శ్రద్ధగా చదివారు. 1947లో ఈజిప్టులో కలరా వ్యాపించినప్పుడు నాజిక్ అల్ మలాయికా వ్రాసిన ‘కలరా’ కవితలో రెండు సగాల పాదం విడిపోయి, గణమే ప్రమాణంగా పొడవు పొట్టి పాదాలు ఏర్పడ్డాయి. ఆ సమయంలోనే ఆ మార్గం పట్టిన మరొక ఇరాకీ యువకుడు బద్ర్ షాకిర్ అల్ సయ్యాబ్. పాత గుడారపు త్రాళ్లను అతడు విప్పాడేగాని, దానిలోని పొయ్యిని ఆర్పలేదు.

ఒకే మాట, మూడు వానలు

సయ్యాబ్ 1926లో దక్షిణ ఇరాకులో, బస్రాకు సమీపాన, జైకూర్ అనే పల్లెలో పుట్టాడు. చుట్టూ ఖర్జూరపు తోటలు. ప్రక్కనే బువైబ్ అనే చిన్న వాగు. ఆరేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తండ్రి మరల పెళ్లిచేసుకున్నాడు. అమ్మమ్మ, నాయనమ్మల చేతులమీదుగా ఆ పిల్లవాడు పెరిగాడు. తరువాత బాగ్దాదు ఉపాధ్యాయ కళాశాలలో ఆంగ్లసాహిత్యం చదివాడు. వామపక్ష రాజకీయాలలో తిరిగాడు. 1952 చివర ఇరాకులో అల్లర్లు చెలరేగినప్పుడు అరెస్టు తప్పించుకోవడానికి ఇరానుకు, అక్కడనుండి కువైటుకు పారిపోయాడు.

1953లో కువైటు సముద్రతీరాన నిలిచి వ్రాసిన కవితలో అతడు తన దేశాన్ని పొగడలేదు. కూలి డబ్బులు లెక్కపెట్టుకునే ఒక పరదేశిని చూపాడు. పడవ ఎక్కడానికి అతని చేతిలోని నాణేలు చాలవు. కాఫీహోటలు ముందునుండి పోతుంటే లోపల గ్రామఫోను తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుతున్న రికార్డులో అతనికి ఇరాకు వినిపిస్తుంది. అమ్మ ముఖం, ముసలమ్మ కథలు అన్నీ ఆ నల్లని పళ్లెంలో తిరుగుతాయి. దేశమంతా ఒక గ్రామఫోను రికార్డులో ఇమిడిపోయింది. అది ఆగితే దేశమూ ఆగిపోతుంది. ఆ భయాన్ని కవి పేరుపెట్టి చెప్పనక్కరలేదు. కడప నుండి, గోదావరి జిల్లాలనుండి అదే కువైటుకు కూలికి వెళ్లినవారి కుటుంబాలలో ఈ కవిత చదివి వినిపిస్తే, ఆ నాణేల లెక్క ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

మరుసటి సంవత్సరం, 1954లో, బేరూతు నుండి వెలువడే ‘అల్ ఆదాబ్’ పత్రికలో ‘వానపాట’ అచ్చయింది. ఆధునిక అరబ్బీ కవిత్వంలో ఇంతగా చదవబడిన కవితలు తక్కువ. ఇందులో ‘మతర్’, అనగా వాన, అనే మాట పల్లవివలె మళ్లీ మళ్లీ వస్తుంది. అయితే వచ్చిన ప్రతిసారీ దాని రంగు మారుతుంది. మొదట అది ప్రియురాలి కన్నులలో కనిపించే తోటలకు, పిల్లల కేరింతలకు తోడుగా కురుస్తుంది. తరువాత తల్లిని పోగొట్టుకున్న పసివాడు నిద్రలో కలవరిస్తాడు; పెద్దలు ఆమె వస్తుందని నమ్మబలుకుతారు; ఆమె మాత్రం సమాధిలో వానలో తడుస్తున్నది. ఆపైన అదే వాన ఆకలి పాటగా మారుతుంది. వాన పడుతుంది, నేల పండుతుంది, పంట మాత్రం కాకుల పాలవుతుంది, పండించినవాడు పస్తుంటాడు. చివరకు ప్రతి చినుకులోనూ రాబోయే జీవితపు మొలక కనిపిస్తుంది.

ఒక్క మాటలో ఇన్ని భావాలు ఇమడడానికి ఆ మాట చరిత్ర కూడా కారణం. పాత అరబ్బీ కవులు తమవారి సమాధులమీద, ప్రియుల విడిదులమీద వాన కురవాలని ప్రార్థించేవారు. అది దీవెన. కాని తొమ్మిదవ శతాబ్దపు బస్రా పండితుడు అల్ జాహిజ్ ఒక సంగతి గమనించాడు: ఖురానులో ‘మతర్’ అనే మాట శిక్ష సందర్భంలోనే వస్తుందని, కరుణతో కురిసే వానకు ‘గైస్’ అనే వేరొక మాట ఉన్నదని. సయ్యాబ్ కవితలో వినిపించే మాట ‘మతర్’. చెవికి వాన చప్పుడు వంటి ఆ రెండక్షరాలలో అరబ్బీ పాఠకుడు దీవెననూ శిక్షనూ కలిపి వింటాడు. తెలుగులో ‘వాన’ అంటే ఈ రెండవ అంచు పోతుంది. అనువాదకుడు ఎంత నేర్పరియైనా అక్కడ ఒక మెట్టు దిగక తప్పదు.

ఈ కవితలో తల్లి, నేల, దేశం అనే మూడూ ఏ ఉపమావాచకమూ లేకుండా ఒకటైపోవడం గమనించదగినది. దేశం తల్లివంటిదని కవి అనలేదు. తల్లి మట్టిలో ఉన్నది. ఆ మట్టిమీద వాన పడుతున్నది. ఆ మట్టి ఇరాకు. వాస్తవం ఇంతే. సయ్యాబ్ నరాలవ్యాధితో క్రుంగి, 1964 డిసెంబరు 24న, ముప్పైయెనిమిదేళ్ల వయసులో, కువైటులోనే ఒక ఆసుపత్రిలో మరణించాడు. దేహాన్ని బస్రా సమీపంలోని జుబైర్‌లో ఖననం చేశారు. 1980 నుండి 1988 వరకు సాగిన ఇరాన్-ఇరాక్ యుద్ధంలో షత్తుల్ అరబ్ తీరాన గల ఖర్జూరపు తోటలు విస్తారంగా నాశనమయ్యాయి. అతడు చూసిన చెట్లు చాలవరకు ఇప్పుడు అతని పద్యాలలోనే నిలబడి ఉన్నాయి.

అమ్మ కాచిన కాఫీ

మహమూద్ దర్వీష్ 1941లో ఆక్రా పట్టణానికి తూర్పున గల అల్ బిర్వా గ్రామంలో పుట్టాడు. 1948 యుద్ధంలో ఆ ఊరు ఇజ్రాయెలు సేనల వశమైంది. ఏడేళ్ల పిల్లవాడు కుటుంబంతో లెబనానుకు పారిపోయాడు. ఏడాది తరువాత దొంగతనంగా సరిహద్దు దాటి తిరిగి వచ్చేసరికి ఊరు లేదు. జనాభా లెక్కల సమయానికి హాజరులో లేనందున ఆ కుటుంబం ‘హాజరులో ఉన్న గైరుహాజరీలు’ అనే విచిత్రమైన తరగతిలోకి చేరింది. తమ దేశంలోనే ఉన్నారు. చట్టం దృష్టిలో లేరు. ఈ విరోధాభాసాన్ని ఏ కవీ కల్పించలేదు, ప్రభుత్వ కాగితాలే కల్పించాయి.

1960ల నడుమ జైలులో ఉన్నప్పుడు దర్వీష్ తల్లిని గూర్చి ఒక చిన్న కవిత వ్రాశాడు. 1966లో వెలువడిన ‘పాలస్తీనా ప్రేమికుడు’ సంపుటిలో అది ఉంది. దానిలో అతడు కోరుకున్నవి మూడు: అమ్మ చేసిన రొట్టె, అమ్మ కాచిన కాఫీ, అమ్మ చేతి స్పర్శ. రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. కాఫీ ఏ అంగడిలోనైనా అమ్ముతారు. కాని ‘అమ్మది’ అన్న ఒక్క విశేషణం చేరగానే ఆ వస్తువులు ప్రపంచంలో ఒకే ఒక్క వంటింటిలో తప్ప మరెక్కడా దొరకనివైపోతాయి. ఆ వంటింటికి పోయే దారి మూసి ఉంది. ప్రవాసమంటే ఇదేనని నిర్వచించడానికి ఒక గ్రంథం వ్రాయవచ్చు. కవి ఒక కప్పు చూపాడు.

1976లో లెబనాను గాయకుడు మార్సెల్ ఖలీఫే ఆ కవితను పాడిన తరువాత అరబ్బు దేశాలలో అది ఇంటింటి పాట అయింది. విన్నవారందరూ ఆ తల్లి పాలస్తీనా అనే అనుకున్నారు. దర్వీష్ మాత్రం తాను తన కన్నతల్లిని గూర్చే వ్రాశానని చెప్పుకున్నాడు. ఇద్దరి మాటా నిజమే. కవి ఒక స్త్రీని అంత స్పష్టంగా చూడబట్టే లక్షలమంది ఆమెలో తమ దేశాన్ని చూడగలిగారు. అతడు మొదటే దేశమాత అని వ్రాసి ఉంటే బహుశా ఆ పాట ఏ సభలోనో ముగిసిపోయేది.

1970లో దర్వీష్ దేశం విడిచాడు. మాస్కో, కైరోల మీదుగా బేరూతు చేరాడు. 1982 వేసవిలో ఇజ్రాయెలు సేనలు బేరూతును ముట్టడించినప్పుడు అతడు ఆ నగరంలోనే ఉన్నాడు. ఆగస్టు నెలలోని ఒక్క రోజును వస్తువుగా తీసుకుని అతడు వ్రాసిన వచనగ్రంథంలో కాఫీ మళ్లీ వచ్చింది. బయట బాంబులు పడుతున్నాయి. వంటింటి కిటికీ సముద్రం వైపు తెరుచుకుని ఉంది. అక్కడికి వెళ్లి కాఫీ కాచుకోవడమెట్లా అన్నది ఆ ఉదయపు సమస్య. నీరు మరగడం, పొడి కలపడం, నురుగు పొంగడం ఒక్కొక్కటే పూజావిధానంవలె వర్ణింపబడుతుంది. జైలులో ఉన్న కుర్రవానికి కాఫీ అమ్మ. నలభై దాటిన ప్రవాసికి కాఫీ తాను ఇంకా మనిషిగా మిగిలి ఉన్నానన్న సాక్ష్యం. వస్తువు మారలేదు, అది మోసే బరువు మారింది.

ఆ బేరూతులోనే మన ఉపఖండపు కవి ఒకరు కొన్నేళ్లు గడపడం జరిగింది. పాకిస్తానులో సైనికప్రభుత్వం వచ్చిన తరువాత దేశం విడిచిన ఫైజ్ అహ్మద్ ఫైజ్, ఆఫ్రో ఆసియా రచయితల పత్రిక ‘లోటస్’కు సంపాదకుడుగా 1982 వరకు అక్కడ పనిచేశాడు. దర్వీష్‌కు లోటస్ బహుమతి అంతకుముందే, 1969లో, లభించింది. 1980లో ఫైజ్ ఒక పాలస్తీనా పసివానికి ఉర్దూలో జోలపాట వ్రాశాడు. అక్కడ కూడా రాజకీయం పలికేది నినాదంలో కాదు. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టే గొంతులో పలుకుతుంది.

దమాస్కసు జాజి

సిరియా కవి నిజార్ ఖబ్బానీ కథ వేరు. 1923లో దమాస్కసు పాతబస్తీలో అతడు పుట్టాడు. నడుమ ముంగిలి, ముంగిట్లో నీటికుండం, గోడలమీదికి ప్రాకిన జాజి: అక్కడి పాత ఇళ్ల కట్టడమే అంత. దౌత్యోద్యోగిగా దేశాలు తిరిగి, 1966లో ఆ కొలువు వదలి, బేరూతులోను, చివరకు లండనులోను స్థిరపడ్డాడు. 1981 డిసెంబరులో బేరూతులోని ఇరాకీ రాయబార కార్యాలయంపై జరిగిన బాంబుదాడిలో భార్య బిల్కీస్ మరణించింది.

ఖబ్బానీకి స్వదేశం కంటికంటె ముక్కుకు ముందుగా తెలుస్తుంది. అతని కవితలలో దమాస్కసు తరచుగా వాసనగా వస్తుంది: జాజి, నారింజ పూలు, ఏలకులు వేసిన కాఫీ. కంటితో చూడాలంటే వస్తువు ఎదుట ఉండాలి. వాసనకు ఆ నిర్బంధం లేదు; లండను వీధిలో ఎక్కడనుండో తేలివచ్చి మనిషిని ఒక్క క్షణంలో తల్లి ముంగిట్లో నిలబెట్టగలదు. అంత త్వరగానూ మాయమైపోతుంది. ప్రవాసి సుఖానికి, ఆ సుఖం నిలవని బాధకు రెంటికీ ఇంతకంటె తగిన ప్రతిమ దొరకడం కష్టం. 1998 ఏప్రిల్ 30న లండనులో అతడు కన్నుమూశాడు. అతని కోరిక ప్రకారం దేహాన్ని దమాస్కసుకు తీసుకువెళ్లి ఖననం చేశారు.

ప్రతీక బరువెక్కినప్పుడు

ప్రతిమలకు ఒక ప్రమాదమూ ఉంది. పదేపదే వాడితే అవి నాణెంవలె అరిగిపోతాయి. ఆలివ్ కొమ్మ, తాళంచెవి, గుర్రం, నారింజతోట వంటివి సభలలో, గోడపత్రికలలో, పాటలలో తిరిగితిరిగి చివరకు ఎవరికీ కనిపించని గుర్తులైపోతాయి. ఆలివ్ అనగానే పాఠకుడు చెట్టును చూడడం మానేసి వెంటనే దేశమని చదువుకుంటాడు. చెట్టు పోతే దానితోపాటు భావమూ పోతుంది, మిగిలేది ప్రకటన.

ఈ ప్రమాదాన్ని అందరికంటె ముందు గుర్తించినవాడు దర్వీషే. 1964లో అచ్చయిన ‘గుర్తింపు కార్డు’ కవితతో అతడు అరబ్బు లోకమంతటా ప్రసిద్ధుడయ్యాడు. ప్రతి సభలోనూ జనం అదే కవిత చదవమని అడిగేవారు. అతడు ఒప్పుకునేవాడు కాదు. ఒక ఇజ్రాయెలీ గుమాస్తా ఎదుట నిలిచి చెప్పిన మాటను అరబ్బుల సభలో అరబ్బులకు చెప్పడంలో అర్థమేమున్నది? 1969లోనే అతడు ఒక వ్యాసంలో, ఈ క్రూరమైన ప్రేమనుండి మమ్మల్ని కాపాడండి అని తన అభిమానులనే వేడుకున్నాడు. పాలస్తీనా కవుల రచన ఏదైనా సరే గొప్పదేనని మెచ్చుకోవద్దని, కవిత్వాన్ని కవిత్వంగా తూచి చూడమని అతని విన్నపం. జనం చప్పట్లు కొడుతుండగా అట్లా అనగలగడానికి ధైర్యం కావాలి.

తరువాతి ముప్పైయేళ్లు అతడు తన ప్రతిమలను బాగుచేసుకుంటూనే గడిపాడు. 1995లో వెలువడిన ‘గుర్రాన్ని ఒంటరిగా ఎందుకు వదిలావు?’ సంపుటిలో 1948నాటి ఆ రాత్రికి తిరిగి వెళ్లాడు. ఊరు విడిచి నడుస్తున్న తండ్రీకొడుకుల నడుమ మాటలు సాగుతుంటాయి. కొడుకుకు రాజ్యాల సంగతి తెలియదు. ఇంటి దగ్గర మిగిలిపోయిన గుర్రం సంగతే కావాలి. ఊరేగింపు చిత్రాలలో వీరుడు స్వారిచేసే గుర్రం కాదది. మనుషులు పోయిన ఇంటికి తోడుగా మిగిలిన ఒక మూగప్రాణి. అరిగిపోయిన ప్రతిమను కవి ఒక పసివాని కంటితో చూసేసరికి దానికి మళ్లీ ఊపిరి వచ్చింది.

1996లో దర్వీష్ రామల్లా నగరానికి తిరిగి వచ్చాడు. అది పాలస్తీనాయే, కాని అతని ఊరు కాదు. 2008 ఆగస్టు 9న అమెరికాలోని హ్యూస్టనులో గుండె శస్త్రచికిత్స తరువాత మరణించాడు. రామల్లాలో ఒక గుట్టమీద సమాధి చేశారు. అల్ బిర్వా భూములలో నేడు వేరే గ్రామాలు ఉన్నాయి.

ఈ కవులను చదివే దూరదేశపు పాఠకునికి వారి చరిత్ర తెలిసి ఉండడం మంచిదే. కాని పద్యం దగ్గరికి వచ్చినప్పుడు తొందర పనికిరాదు. వాన అన్నచోట ముందు వానలో తడవాలి. కాఫీ అన్నచోట ఆ ఆవిరి ముఖానికి తగలాలి. గుర్రం అన్నచోట చీకటి పడిన వాకిట్లో అది తల ఎత్తి ఎవరికోసమో చూడడం కనిపించాలి. దేశం ఆ తరువాత దానంతట అదే వస్తుంది.